ఉప్పుకొట్టు గడప

అనగనగా ఒక రేవు. పేరు మువ్వలరేవు. ఆ రేవుకు ఒక రాజు ఉన్నాడు గానీ ఈ కథలో ఆయనకు పనేమీ లేదు. ఆయన్ను కోటలో హాయిగా నిద్రపోనిద్దాం. మనం రేవు వీధికి పోదాం.

ఆ వీధిలో గవరమ్మ అనే ఆవిడ ఉండేది. ఆమెకు ఒక నావ. తండ్రి దగ్గరుండి చేయించిన టేకు నావ. అది గవరమ్మ కంటే ముందే ఈ లోకంలోకి వచ్చింది గనుక, ఆమె పుట్టాక తండ్రి దాన్ని "పెద్దక్క" అని పిలవడం మొదలుపెట్టాడు. తండ్రి పోయాక గవరమ్మే చుక్కాని పట్టి, ఏటి పొడుగునా ఉప్పు బస్తాలు చేరవేసి బ్రతికింది. నా అన్నవాళ్లు లేని ఆమెకు ఆ నావే తోడబుట్టువు.

ఒక ఏడు పెద్ద గాలివాన వచ్చింది. రేవులో చాలా ఇళ్లు కూలాయి. ఇళ్లవాళ్లు భయపడి, వచ్చినంతకు అమ్ముకుని మెట్ట ఊళ్లకు పోయారు.

అప్పుడు కొమరశెట్టి అనే వర్తకుడికి ఒక ఆలోచన తోచింది. కొమరశెట్టి మంచివాడే, కానీ మహా మాటకారి. ఎండిన చెట్టు కింద నిలబడి నీడ అమ్మగలడు. ఆయన గవరమ్మనూ, పైడయ్య అనే తాపీ మేస్త్రీనీ పిలిచి ఇలా అన్నాడు:

"పాడుపడ్డ ఇళ్లు మూడు చవగ్గా వస్తున్నాయి. ముగ్గురం పొత్తు కలుద్దాం. కొని, బాగుచేసి, కార్తీకంలో ఓడలెక్కి వచ్చే వర్తకులకు అమ్ముదాం. ఏమంటారు?"

బాగానే ఉందన్నారు ఇద్దరూ. ఆ మూడింటిలో రేవు ఇంట్లో సగం వాటా పైడయ్యది. మేడలో సగం కొమరశెట్టిది. ఉప్పుకొట్టులో, అంటే ఒకప్పుడు ఉప్పు నిలవచేసిన పెద్ద గిడ్డంగిలో, సగం గవరమ్మది. ఏ ఇంట్లోనైనా మిగిలిన సగం తక్కిన ఇద్దరికీ చెందుతుంది.

వాటా సొమ్ము కోసం గవరమ్మ పెద్దక్కను అవతలి గట్టు షావుకారు దగ్గర తాకట్టు పెట్టింది.

"కార్తీక పున్నమికి సొమ్ము కట్టావా, నావ నీది. కట్టలేదా, నాది," అన్నాడు షావుకారు.

గవరమ్మ సరేనంది. నావ ముక్కును ఒకసారి నిమిరి, బల్లకట్టు ఎక్కి ఇవతలికి వచ్చేసింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏడుపు ఆగదని ఆమెకు తెలుసు.

ముగ్గురూ తాంబూలాలు పుచ్చుకున్నారు. అప్పుడు కొమరశెట్టి, వినడానికి తేనె లాంటి మాట ఒకటి అన్నాడు.

"మనం ఒక తల్లి బిడ్డల్లాంటి వాళ్లం. మనలో మనకు లెక్కలేమిటి? సంచి ఒక్కటే, సామాను పాక ఒక్కటే. ఏ ఇంటికి ఎంత కావాలో అంత తీసుకుపోదాం. చివర్లో ఖర్చంతా మూడు సమభాగాలు చేసి ఇంటికొకటి వేస్తే సరి!"

"ఏ ఇంటి ఖర్చు ఆ ఇంటికే ఉంటే మంచిది కదా శెట్టిగారూ," అంది గవరమ్మ.

పైడయ్య చెవులు మూసుకున్నాడు. "తాంబూలం చేతిలో పట్టుకుని లెక్కలంటావేం గవరమ్మా? అశుభం!"

గవరమ్మ లెక్క మాట అక్కడితో వదిలేసి ఆకు నోట్లో వేసుకుంది. పిల్లలూ, తప్పు అక్కడే జరిగింది. ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందని సామెత. అందరిదీ అయిన బర్రెకు మేత ఎవరు వేశారో ఎవరికీ తెలియదు మరి.

పాకలోకి సామాను వచ్చింది. ఒక మూల గానుగలో ఆడించిన సున్నం. ఒక మూల దూలాలు. ఒక మూల పెంకులు. ఒకే కంచంలో ముగ్గురు పిల్లలకు అన్నం పెడితే ఎవరెంత తిన్నారో అమ్మకు తెలుస్తుందా? ఆ మూడు ఇళ్లూ అలాగే తినడం మొదలుపెట్టాయి.

మొదట సున్నం తగ్గింది. అనుకున్నదాని కంటే ముందే అడుగంటింది. "మేస్త్రీ తన రేవు ఇంటికి రెండు పూతలు ఎక్కువ పూసుకుని ఉంటాడు," అనుకున్నాడు కొమరశెట్టి.

తరువాత దూలాలు తగ్గాయి. "శెట్టి తన మేడకు అటకలన్నీ కొత్తవి వేయించుకుంటున్నట్టున్నాడు," అనుకున్నాడు పైడయ్య.

ఆ తరువాత పెంకులు తగ్గాయి. ఈసారి ఇద్దరూ గవరమ్మ వైపు చూశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ పాపమూ ఎరగని గవరమ్మ కూడా తన చేతుల వంక చూసుకుంది.

ఎవరూ ఎవరినీ పైకి ఏమీ అనలేదు. అని ఉంటే కాసేపు కొట్టుకుని ఊరుకునేవాళ్లు. అంతవరకూ మధ్యాహ్నం పాకలో ముగ్గురూ కలిసి చద్దిమూటలు విప్పేవాళ్లు, ఇప్పుడు ఒకరు సున్నం వెనక, ఒకరు దూలాల వెనక, ఒకరు పెంకుల వెనక కూర్చుని తినసాగారు. పైడయ్య ఊరగాయ కొమరశెట్టి కంచానికి చేరడం మానేసింది.

అది గవరమ్మ చూసింది. "మూడు ఇళ్లు నిలబెట్టేలోపు మూడు మనసులు కూలిపోయేట్టున్నాయి. ఇక ఊరుకోను," అనుకుంది.

మరునాడు ఆమె పాక గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. కూలీలు లోపల సున్నం తట్టలు నింపుకుని వచ్చి ఆగిపోయారు. మాటకారి కొమరశెట్టి వచ్చాడు. మేస్త్రీ పైడయ్య వచ్చాడు.

"దారి వదులు గవరమ్మా, పొద్దెక్కుతోంది," అన్నాడు పైడయ్య.

"వదలను అన్నా. నువ్వు శెట్టిగారిని అనుమానిస్తున్నావు. శెట్టిగారు నిన్ను అనుమానిస్తున్నారు. ఇద్దరూ కలిసి నన్ను అనుమానిస్తున్నారు. కాదని చెప్పండి, లేస్తాను."

ఇద్దరూ నేల చూపులు చూశారు.

"ఇంతవరకూ పోయినదాన్ని సమంగా పంచుకుని దులిపేసుకుందాం. ఈ రోజు నుంచి మాత్రం ఒక్క తట్ట కూడా గుర్తు లేకుండా గడప దాటదు," అంది గవరమ్మ. పక్కనున్న మూడు చిప్పలు చూపించింది. ఒక దాంట్లో తెల్లని సున్నం. ఒక దాంట్లో ఎర్రని జాజు. ఒక దాంట్లో బొగ్గు నూరిన నలుపు.

ఆమె చెప్పిన పద్ధతి ఇది. సున్నం తట్ట ఒకటి ఇంట్లోకి పోతే ఆ ఇంటి గడప మీద ఒక తెల్లబొట్టు. దూలానికి ఎర్రబొట్టు. పెంకుల గంపకు నల్లబొట్టు. పాకలో ఇప్పుడున్న సామానుకూ, కొత్తగా వచ్చేదానికీ పాక గడప మీద అలాగే బొట్లు పెట్టాలి.

"గడపే ఎందుకు?" అన్నాడు కొమరశెట్టి.

"మనవాళ్లు ఎవరైనా గడప తొక్కుతారా? నేల మీద గీస్తే కాళ్లకు చెరిగిపోతుంది. గడప మీద పెడితే పదిమంది దాటినా చెరగదు. ఇంకొక్క మాట. ఏ ఇంటి గడప మీదా ఆ ఇంట్లో సగం వాటా ఉన్నవాళ్లు బొట్టు పెట్టకూడదు. తక్కిన ఇద్దరే పెట్టాలి."

కొమరశెట్టి నవ్వాడు. పైడయ్య విసుక్కున్నాడు. గవరమ్మ పీట మీద నుంచి లేవలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. తట్టల్లో సున్నం గట్టిపడేట్టుంది. సున్నం గట్టిపడితే మేస్త్రీకి ప్రాణం పోయినట్టే.

"అమ్మా తల్లీ, నీ బొట్లే పెడదాం, లే!" అన్నాడు పైడయ్య చివరికి.

"లాభం, రెండు, మూడు..." అంటూ కూలీలు తట్టలు దింపారు. రేవుల్లో ఒకటి అనడానికి బదులు లాభం అంటారు లెండి. గడపల మీద బొట్లు పడ్డాయి. నాలుగు రోజులకే సామాను లెక్కకు మించి తగ్గడం ఆగింది. ఎవరూ దొంగిలించి కాదు సుమా ఇన్నాళ్లూ తగ్గింది! గుర్తు లేదు గనుక చేతికి వచ్చినంత మోసుకుపోయారు, మిగిలింది ఎండకూ వానకూ వదిలేశారు, అంతే. ఆ మాట తెలిశాక పైడయ్య ఊరగాయ మళ్లీ శెట్టి కంచంలో పడింది.

పని పరుగెత్తింది. రేవు ఇంటికి పెంకులు కప్పారు. మేడకు కిటికీలు ఎత్తారు. ఉప్పుకొట్టు దగ్గర మాత్రం చిక్కు వచ్చిపడింది.

పైడయ్య గోడకు సున్నం పూశాడు. వారం తిరిగేసరికి అప్పడంలా లేచి ఊడిపోయింది. మళ్లీ పూశాడు. మళ్లీ ఊడింది.

"ఏళ్ల తరబడి ఉప్పు తాగిన గోడ గవరమ్మా ఇది. పైపైన పూస్తే నిలవదు. ఇటుక కనబడేదాకా చెక్కి, మందంగా పెట్టాలి. బోలెడు సున్నం తింటుంది," అన్నాడు.

"తిననీ అన్నా. గోడ నిలవాలి," అంది గవరమ్మ.

మూడోసారి పెట్టిన సున్నం నిలిచింది. కొట్టి చూస్తే కంచులా మోగింది. ఉప్పుకొట్టు గడప మాత్రం తెల్లబొట్లతో నిండిపోయింది. పెట్టింది పైడయ్యా, కొమరశెట్టీ. అమ్మకానికి ముందు అన్నీ ఒకేసారి లెక్కపెడదామని ఊరుకున్నారు.

కార్తీకం వచ్చింది. ఓడలు కనుచూపు మేరలోకి వచ్చాయి. ఆ రోజు శుక్రవారం.

కొమరశెట్టి భార్య పేరిందేవమ్మ మహా భక్తురాలు. ఏట్లో స్నానం చేసి వస్తూ ఉప్పుకొట్టు గడప చూసింది. "అయ్యో! కొనేవాళ్లు వచ్చే వేళకు గడప అమ్మవారు పోసినట్టు ఉందేం! ఇలా ఉంటే లక్ష్మీదేవి అడుగు పెడుతుందా?" అనుకుంది. పీచు తెచ్చి బరాబరా తోమింది. బిందెడు నీళ్లు పోసింది. చక్కగా పసుపు పూసి, కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకుంది. తరువాత మేడ గడప కడగబోతుంటే కూలీలు చూసి కేకలు పెట్టారు.

సంగతి తెలిసి పేరిందేవమ్మ ఒకటే ఏడుపు. గవరమ్మ ఆమె కళ్లు తుడిచింది. "మీరు చేసింది మంచిపనే వదినా. ఆ గడప గుట్టు మీకు చెప్పకపోవడం మా తప్పు."

అప్పుడు కొమరశెట్టి అన్నాడు: "పోయిందేదో పోయింది. మిగతా రెండు ఇళ్ల బొట్లు కూడా వదిలేద్దాం. ఖర్చంతా మూడు సమభాగాలు చేసి ఇంటికొకటి వేసేద్దాం. ఏం మేస్త్రీ?"

"నాకూ సమ్మతమే. ఆడకూతురు, నావ తాకట్టులో ఉంది," అన్నాడు పైడయ్య.

గవరమ్మ ఏటి గట్టుకు వెళ్లి కూర్చుంది. అవతలి గట్టున పెద్దక్క కట్టేసి ఉంది. తెరచాప దించేసిన నావ, అలలకు తల ఊపుతోంది. రా రమ్మని పిలుస్తున్నట్టే ఉంది.

సమభాగాలైతే పెద్దక్క ఇంటికి వస్తుంది. ఉప్పుకొట్టు తిన్న సున్నమంతా ఉప్పుకొట్టు మీదే వేస్తే, మామూలు గిడ్డంగికి పలికే ధరలో ఆమెకు మిగిలేది తాకట్టు విడిపించడానికి చాలదు. ఆమెకు ఆశ పుట్టింది. పుట్టలేదని నేను అబద్ధం చెప్పను. తప్పు పట్టవలసినవాళ్లే పరవాలేదంటున్నారు. గడప కడిగింది కూడా తాను కాదు. ఇంకేం కావాలి?

గవరమ్మ మళ్లీ నావను చూసింది. "లెక్క వాళ్ల మీద పడేటప్పుడు గుమ్మానికి అడ్డం కూర్చున్నాను. నా మీద పడేటప్పుడు గుమ్మం వదిలి పారిపోనా?" అనుకుంది. కళ్లు తుడుచుకుని లేచింది.

పాకకు వెళ్లి ఇద్దరినీ పిలిచింది. "శెట్టిగారూ, పాక గడప మీద తెల్లబొట్లు లెక్కపెట్టండి. వచ్చిన సున్నమంతా అదే. అన్నా, రేవు ఇంటి బొట్లు, మేడ బొట్లు నువ్వు లెక్కపెట్టు. ఆ రెండూ తీసేసి, పాకలో మిగిలిన తట్టలు కూడా తీసేస్తే, తక్కినదంతా ఎక్కడికి పోయినట్టు?"

"ఉప్పుకొట్టుకే," అన్నాడు పైడయ్య మెల్లగా.

"అదీ లెక్క."

దూలాలూ పెంకులూ అలాగే తేల్చారు. అవి మూడు ఇళ్లకూ ఇంచుమించు సమానమే. సున్నం మాత్రం రేవు ఇల్లూ మేడా కలిసి తిన్నదాని కంటే ఉప్పుకొట్టు ఒక్కటే ఎక్కువ తిన్నది.

కొమరశెట్టి తల పట్టుకున్నాడు. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఎవరడిగారమ్మా నిన్నీ లెక్క?"

"గడప అడిగింది శెట్టిగారూ," అంది గవరమ్మ. "ఉప్పుకొట్టు ఖర్చు ఉప్పుకొట్టు మీదే వెయ్యండి. పెద్దక్క పోతే పోనివ్వండి. ఇంకో నావ ఎక్కి కూలికి చుక్కాని పడతాను."

మరునాడు ఓడలు దిగాయి. మిరియాలూ ఏలకులూ అమ్మే ఒక పెద్ద వర్తకుడు ఇళ్లు చూడడానికి వచ్చాడు. ఆయన మొలలో ఒక ఇనుప మేకు ఉంది. పూర్వం వేరే రేవులో అద్దంలాంటి ఇల్లు కొంటే, తొలి వానకే గోడ జారి సరుకంతా కుళ్లిపోయిందట. అప్పటినుంచీ గోడకు మేకు దించి చూడనిదే ఆయన ఏ ఇల్లూ కొనడు.

రేవు ఇంటికి వచ్చాడు. గడప మీది బొట్లు ఏమిటని అడిగాడు. చెప్పారు. గోడకు మేకు దించి చూసి, "బొట్లు నిజమే చెబుతున్నాయి," అన్నాడు. మేడకు వచ్చాడు. అక్కడా బొట్లు చూశాడు, మేకు దించాడు, తల ఊపాడు. ఉప్పుకొట్టుకు వచ్చాడు. గడప పసుపుపచ్చగా మెరుస్తోంది. ఒక్క బొట్టు లేదు.

వర్తకుడి కనుబొమలు ముడిపడ్డాయి. "దీని బొట్లేవి?"

కొమరశెట్టి నోటికి ఏదో కమ్మని కథ రానే వచ్చింది. అది బయటపడేలోపే గవరమ్మ అందుకుంది.

"కడిగేశాం అయ్యా, తెలియక. గోడ ఉప్పు తాగినది. రెండుసార్లు పూత ఊడిపోయింది. ఇటుక దాకా చెక్కి మూడోసారి పెట్టించాం. ఆ రెండు ఇళ్లూ కలిసి తిన్నదాని కంటే ఎక్కువ సున్నం దీని కడుపులో ఉంది."

"ఆ మాట నేనెలా నమ్మాలి?"

అప్పుడు పైడయ్య ముందుకు వచ్చాడు. "నమ్మండి బాబూ. ఇందులో సగం వాటా ఈవిడదే. మేము వద్దు వద్దంటున్నా ఆ లెక్క తవ్వి తీసి తన మీదే వేసుకుంది. దానివల్ల ఈ పున్నమికి తన నావ పోగొట్టుకోబోతోంది."

వర్తకుడు గవరమ్మ ముఖంలోకి చూశాడు. అవతలి గట్టున ఉన్న నావను చూశాడు. చేతిలో ఉన్న మేకును మళ్లీ మొలలో దోపుకున్నాడు.

"ఈ గోడకు మేకు అక్కర్లేదు," అన్నాడు. "తన మెడకు చుట్టుకునే లెక్కనే దాచని మనిషి, గోడ లోపలిది దాస్తుందా? నా మిరియాలకు చెమ్మే శత్రువు. ఇంత సున్నం తాగిన గోడ కోసం ఎన్ని రేవులు తిరిగానో! ఆ రెండు ఇళ్లూ మీరు చెప్పిన ధరకే కొంటాను. ఈ ఉప్పుకొట్టుకు మాత్రం ఆ రెండింటి ధర కలిపి ఇస్తాను."

కొమరశెట్టికి జీవితంలో మొదటిసారి మాట రాలేదు.

ఖర్చులు పోను ఎవరి వాటా వారికి చేరింది. రేవు ఇల్లు, మేడ, ఉప్పుకొట్టు, మూడింటి లెక్కా వేరువేరుగా తేలింది గనుక పంపకంలో ఒక్క పొల్లు మాట రాలేదు. పున్నమి నాడు ముగ్గురూ బల్లకట్టు ఎక్కి అవతలి గట్టుకు పోయారు. గవరమ్మ షావుకారు చేతిలో సొమ్ము పోసి, పెద్దక్క ముక్కుకు తల ఆనించి నిలబడింది. ఇన్నాళ్లూ ఆపుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. పైడయ్య అటు తిరిగి ఏటిని చూశాడు. కొమరశెట్టి ఉత్తరీయంతో ముక్కు తుడుచుకున్నాడు.

ముగ్గురూ ఆ నావలోనే తిరిగి వచ్చారు. ఇవతలి గట్టున పేరిందేవమ్మ తాంబూలం పళ్లెం పట్టుకుని ఎదురుచూస్తోంది. మరో మూడు పాడు ఇళ్లు బేరానికి వచ్చాయట. కొమరశెట్టి పళ్లెంలోకి తొంగిచూశాడు. ఆకులూ వక్కలూ ఉన్నాయి. వాటి పక్కనే సున్నం, జాజు, బొగ్గు, మూడు చిప్పలూ ఉన్నాయి.

"ముందు ఇవి. ఆ తరువాతే తాంబూలం," అంది పేరిందేవమ్మ.

కథ కంచికి పోతూ పోతూ మన గడప మీద కూడా ఒక బొట్టు పెట్టి పోయింది: చెలిమికి లెక్కే కాపలా, తన మీద పడే లెక్కను దాచనివారి మాటే లోకంలో చెల్లుతుంది.